ఇరవై అయిదేళ్ళకు ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం: పనికొస్తుందా?

డిగ్రీ అయిపోయిన రెండు మూడేళ్ళకు మళ్ళీ లెక్కలు పట్టాలనుకునేవాళ్ళు నల్లగొండ, పాలమూరు వైపు తక్కువేమీ కాదు. ఐసెట్ రాసి ఎంసీఏలో చేరాలని కొందరు, గ్రూప్స్‌లో అర్థమెటిక్ దగ్గర మార్కులు జారిపోతున్నాయని కొందరు, డేటా కోర్సులో చేరి మొదటి వారమే మాత్రికలు, లాగరిథమ్‌లు చూసి బెదిరినవాళ్ళు కొందరు. ఎక్కువమంది చేసే పని ఒకటే: నేరుగా ఇంటర్ 1ఏ పుస్తకం కొనుక్కొచ్చి మొదటి పేజీ తెరవడం. ప్రమేయాలు నిర్వచనాలతో మొదలవుతాయి, అర్థమవుతున్నట్టే ఉంటుంది. త్రికోణమితి పరివర్తనల దగ్గరికొచ్చేసరికి బండి ఆగుతుంది. అక్కడ ఆగేది త్రికోణమితి రాక కాదు. హారాలు వేరైన రెండు భిన్నాలను కలిపి, పైన ఉమ్మడిగా ఉన్నది బయటికి తీయడం చేతికి రాక. ఆ పని నేర్పేది ఎనిమిదో తరగతి.

అందుకే ఈ సమీక్ష తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ వారి ఎనిమిదో తరగతి గణితం పుస్తకం మీద. బడిపిల్లలకు ఎట్లా ఉంటుందని కాదు, టీచర్ లేకుండా ఇంట్లో కూర్చుని చదివే పెద్దవాళ్ళకు ఎంతవరకు పనికొస్తుందని. మార్కులేయమంటే అయిదుకు నాలుగు. పోయిన ఆ ఒక్కటి చిన్నది కాదు, దాని సంగతి తర్వాత.

పుస్తకం పట్టేముందు పది నిమిషాలు పెట్టుకుని ఈ అయిదు చేసి చూడండి, క్యాలిక్యులేటర్ లేకుండా. మూడు బై నాలుగులోంచి అయిదు బై ఆరు తీసేస్తే ఎంత? −3², (−3)² రెండూ ఒకటేనా? 5(ఎక్స్ − 2) = 3ఎక్స్ + 8 అయితే ఎక్స్ ఎంత? 2 ఘాతం −3 అంటే ఎంత? 12 శాతం తగ్గించాక 2,200 రూపాయలైన వస్తువు అసలు ధర ఎంత? జవాబులు వరుసగా మైనస్ ఒకటి బై పన్నెండు, కాదు, మొదటిది −9, రెండోది 9, ఎక్స్ 9, ఎనిమిదో వంతు, 2,500. నాలుగు కరెక్టయితే ఈ పుస్తకం మీకు తిరగేస్తే చాలు, తొమ్మిదికి వెళ్ళిపోండి. రెండు, మూడు వస్తే ఇది సరిగ్గా మీ కోసమే. రెండు కూడా రాకపోతే ఏడో తరగతి పుస్తకంలో భిన్నాలు, పూర్ణసంఖ్యలు ఓ వారం చూసి రండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, పుస్తకం మీద తరగతి నంబరు కనబడకుండా అట్ట వేసుకోవచ్చు.

ఇక పుస్తకం. మొత్తం 15 అధ్యాయాలు. 2022-23లో 1 నుంచి 8 తరగతులకు ద్విభాషా పుస్తకాలొచ్చాయి; ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లిషులో. పిల్లల సంచి బరువెక్కిందని తల్లిదండ్రులు అనుకోవచ్చు గానీ, తిరిగి మొదలుపెట్టేవాళ్ళకు దీని అసలు విలువ ఇక్కడే ఉంది. మనలో చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియం. పైన చదవాల్సిందంతా ఇంగ్లిషు. లెక్క తెలిసి కూడా పేరు తెలియక ఆగిపోవడం మామూలు. ఎదురు పేజీ ఉంటే వేరే నిఘంటువు అక్కర్లేదు.

ఒక్క మాట మటుకు జాగ్రత్త. అకరణీయ సంఖ్య, కరణీయ సంఖ్య. తెలుగులో 'అ' ముందున్నది కాబట్టి అది 'కానిది' అనిపిస్తుంది. ఇంగ్లిషులో సరిగ్గా తిరగబడి ఉంటుంది: అకరణీయం రేషనల్, కరణీయం ఇర్రేషనల్. రెండు పూర్ణసంఖ్యల భిన్నంగా రాయగలిగేది అకరణీయం; అట్లా రాయలేనిది, రెండు వర్గమూలం లాంటిది, కరణీయం. పరీక్షలో ఇంగ్లిషు ప్రశ్నను మనసులో తెలుగు చేసుకుని రాసేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. అట్లాగే 'మధ్యగతం' అనేది దత్తాంశంలో ఒకటి, త్రిభుజంలో మధ్యగత రేఖ మరొకటి. ఇంగ్లిషులో రెండూ మీడియనే. చివరి పేజీల్లో రెండు నిలువు గీతలు కొట్టి ఇట్లాంటి జంటలు రాసుకుంటూ పోండి. పుస్తకం అయిపోయేసరికి వందకు పైనే అవుతాయి, ఇంటర్‌లో అవే మళ్ళీ వస్తాయి.

పీడీఎఫ్ ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితం. ఫోన్‌లో చదవొచ్చు గానీ ద్విభాషా పుస్తకం ఫోన్‌లో ఒక్కో పేజీగా వస్తుంది, ఎదురెదురుగా పెట్టుకుని చూసే సౌకర్యం పోతుంది. ప్రింట్ తీయించేవాళ్ళు ముందు నాలుగు పేజీలు తిప్పి తెలుగు ఏ వైపు వస్తుందో చూసుకోండి. తెలుగొక్కటే చాలనుకుంటే జిరాక్స్ షాపులో సరి పేజీలు గానీ బేసి పేజీలు గానీ, తెలుగున్నవి మాత్రమే కొట్టమంటే ఖర్చు సగానికి పడుతుంది. మొత్తం పుస్తకం కొట్టించడం దండగ. 1, 2, 4, 5, 6, 10, 11, 12, ఈ ఎనిమిది అధ్యాయాలు, వెనక జవాబుల పేజీలు చాలు. చతుర్భుజాల నిర్మాణం, త్రిపరిమాణ బొమ్మలు, పౌనఃపున్య పట్టికలు మొదటి విడతలో వదిలేయండి. టీచర్లకు ఈ మాట నచ్చకపోవచ్చు. కానీ పెద్దవాళ్ళ దగ్గర ఉండేది రాత్రిపూట ఒక గంట.

రెండో అధ్యాయం, ఏకచరరాశిలో రేఖీయ సమీకరణాలు. ఇది చదవడానికి సులువు, మానుకోవాల్సిన అలవాటు మాత్రం మొండిది. బడిలో అందరం నేర్చుకున్న మంత్రం, 'అటు పోతే మైనస్ అవుతుంది.' ఆ మంత్రం పట్టుకుని 3ఎక్స్ = 12 దగ్గర ఎక్స్ = 12 − 3 అని రాసేవాళ్ళు డిగ్రీవాళ్ళలో కూడా ఉంటారు. అటు పోయేది ఏదీ లేదు, రెండు వైపులా ఒకే పని చేస్తున్నాం అంతే. కూడింది పోవాలంటే రెండు వైపులా తీసేయాలి, గుణించింది పోవాలంటే రెండు వైపులా భాగించాలి. మొదటి ఇరవై లెక్కల్లో ప్రతి మెట్టు పక్కన కుడివైపు 'రెండువైపులా 8 తీసేశాం', 'రెండువైపులా 3తో భాగించాం' అని మాటల్లో రాయండి. విసుగ్గా ఉంటుంది. ఇరవై ఒకటో లెక్కకు మంత్రం తానే రాలిపోతుంది.

నాలుగో అధ్యాయం ఘాతాంకాలు. పుస్తకంలో ఉదాహరణలు భూమికి సూర్యుడికి దూరం, కణాల పరిమాణం లాంటివి. పాఠం బాగుంది, ఉదాహరణలు మనకు దూరం. సాగర్ గేట్లెత్తినప్పుడు పేపర్లో వచ్చే అంకెలు తీసుకోండి, అదే పాఠం వెంటనే పట్టుబడుతుంది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే 10⁹. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజుకు 86,400 సెకన్లు, ప్రామాణిక రూపంలో 8.64 × 10⁴. ఇప్పుడు లక్ష క్యూసెక్కుల వరద రోజంతా వస్తే ఎన్ని టీఎంసీలు? 10⁵ను 8.64 × 10⁴తో గుణిస్తే 8.64 × 10⁹, అంటే 8.64 టీఎంసీలు. పెన్ను కూడా అక్కర్లేదు. తిరగేసి, ఒక టీఎంసీ రోజులో రావాలంటే ఎన్ని క్యూసెక్కులు కావాలో చూడండి: 10⁹ను 8.64 × 10⁴తో భాగిస్తే 0.1157 × 10⁵. ఇక్కడే చాలామంది తప్పుతారు. ప్రామాణిక రూపంలో ముందున్న అంకె 1కి తగ్గకూడదు కాబట్టి బిందువు కుడికి ఒక స్థానం జరగాలి, ఘాతం ఒకటి తగ్గాలి: 1.157 × 10⁴, దాదాపు 11,574. ఘాతం పెంచి 10⁶ అని రాస్తే పదకొండు లక్షల క్యూసెక్కులంటుంది లెక్క. ముందు అంకె పెద్దదైతే వెనక ఘాతం చిన్నదవ్వాలి, మొత్తం విలువ మారకూడదు. ఈ ఒక్కటి గుర్తుంటే సూత్రం గుర్తుండకపోయినా ఫరవాలేదు.

ఆరో అధ్యాయంలో భాగహార పద్ధతిలో వర్గమూలం. క్యాలిక్యులేటర్ ఉండగా ఇదెందుకు అంటారు. ఒక్కసారైనా చేతితో చేయండి, కరణీయ సంఖ్య అంటే ఏమిటో వేళ్ళకు తెలుస్తుంది. మనకు ఎకరం 40 గుంటలు, గుంట 121 చదరపు గజాలు. 121 అంటే 11 × 11, కాబట్టి గుంట అంటే సరిగ్గా 11 గజాల చదరం. మరి ఎకరాన్ని చదరం చేస్తే పక్క ఎంత? 4,840 వర్గమూలం. కుడి నుంచి రెండేసి అంకెలు విడదీయాలి: 48, 40. ఆరు ఆర్ల ముప్పై ఆరు, మిగిలింది 12, కిందికి 40 దించితే 1,240. పైనున్న 6ను రెట్టింపు చేస్తే 12. దాని పక్కన ఏ అంకె పెట్టి అదే అంకెతో గుణిస్తే 1,240 లోపు వస్తుంది? 129 × 9 = 1,161. మిగిలింది 79. బిందువు పెట్టి రెండు సున్నాలు దించితే 7,900; 69 రెట్టింపు 138; 1385 × 5 = 6,925. మిగిలింది 975, మళ్ళీ సున్నాలు, 13907 × 7 = 97,349. ఇప్పటికి 69.57 గజాలు, అంటే దాదాపు 208.7 అడుగులు. ఎంతసేపు చేసినా శేషం సున్నా కాదు. గుంటకు సరిగ్గా వచ్చింది, ఎకరానికి ఎందుకు రాలేదంటే 40 వర్గసంఖ్య కాదు. తప్పులు రెండు చోట్ల జరుగుతాయి: విడదీయడం ఎడమ నుంచి మొదలుపెట్టడం (121ని 12, 1 అని చీల్చితే లెక్క చెడింది, 1, 21 అనాలి), రెట్టింపు చేయడం మరిచిపోవడం.

అదే గుంటతో పదకొండో అధ్యాయం కూడా తేలిపోతుంది. (ఏ + బీ)² అనగానే ఏ² + బీ² అని రాసే చేయి ఎంత చెప్పినా ఆగదు. 11 గజాల చదరాన్ని 12 గజాల చదరం చేయండి. 144 రావాలి. 11² + 1² అంటే 122 మాత్రమే. తగ్గిన 22 ఎక్కడుంది? ఒక అంచు పొడవునా 11 గజాల పట్టీ, పక్క అంచున ఇంకో 11 గజాల పట్టీ. అవే 2ఏబీ. మూలన మిగిలిన చిన్న చదరం 1. నేల మీద సుద్దముక్కతో గీసినా చాలు.

పన్నెండో అధ్యాయం కారణాంక విభజన పుస్తకంలో అన్నిటికంటే ముఖ్యమైంది, అందరూ అన్నిటికంటే తొందరగా దాటేసేది కూడా ఇదే. కొట్టివేత జబ్బు ఇక్కడే కుదర్చాలి. పైన ఎక్స్ + 6, కింద 6 ఉంటే రెండు ఆర్లూ కొట్టేసి ఎక్స్ అని రాస్తారు. ఎక్స్ స్థానంలో 6 పెట్టి చూడండి: పన్నెండు బై ఆరు, అంటే 2. కొట్టేస్తే 6 వస్తుంది. కూడికలో ఉన్నది కొట్టకూడదు, గుణకారంలో ఉన్నదే కొట్టాలి. అందుకే ముందు కారణాంకాలు తీయడం. ఈ అధ్యాయంలో లెక్కలన్నీ చేయండి, ఒక్కటీ వదలకుండా, వీలైతే నెల తర్వాత ఇంకోసారి. ఇంటర్‌లో అవధుల (లిమిట్స్) మొదటి పది లెక్కలు ఇవే లెక్కలు, పేరు మారి వస్తాయి.

అయిదో అధ్యాయం శాతాలు, చక్రవడ్డీ. పదోది అనులోమ, విలోమ అనుపాతాలు. 12 మంది కూలీలు 5 రోజుల్లో వేసే నాటు 15 మంది 4 రోజుల్లో వేస్తారు, 60 రోజుకూలీలు కదా. గ్రూప్స్‌వాళ్ళకు ఈ రెండూ నేరుగా మార్కులు. చక్రవడ్డీ లెక్కలు మాత్రం పుస్తకంలో ఉన్న బ్యాంకు రేట్లతో ఆపకండి. మన దగ్గర వడ్డీ నెలకు నూటికి రెండు రూపాయలని చెప్తారు. ఏడాదికి 24 శాతం. లక్ష తీసుకుంటే మూడేళ్ళకు బారువడ్డీతో 1,72,000. ఏడాదికోసారి అసలులో కలిపితే 1,90,662. నెలనెలా కలిపితే రెండు లక్షలు దాటుతుంది. సరిగ్గా ఎన్ని నెలలకు రెట్టింపవుతుందో చెప్పడానికి ఎనిమిదో తరగతి చాలదు. పదో తరగతి మొదటి అధ్యాయంలో సంవర్గమానాలు (లాగరిథమ్‌లు) రావాలి. అప్పుడు 2 సంవర్గమానం 0.3010ని 1.02 సంవర్గమానం 0.0086తో భాగిస్తే 35 నెలలని తేలుతుంది. బారువడ్డీకి 50 నెలలు.

పోయిన ఆ ఒక్క మార్కు సంగతి ఇప్పుడు. పుస్తకం వెనక జవాబులున్నాయి, సాధనలు లేవు. పాఠం మధ్యలో చేసి చూపించిన ఉదాహరణలు సులువు, అభ్యాసంలో చివరి నాలుగైదు లెక్కలు ఒక్కసారిగా ఎత్తుగా ఉంటాయి. మధ్యలో మెట్టు కట్టాల్సింది టీచర్. 'ఆలోచించి చర్చించి రాయండి' అన్న పెట్టెలు తరగతిలో నలభై మంది ఉంటారనే లెక్కతో పెట్టినవి; ఒంటరిగా చదివేవాళ్ళు ఎవరితో చర్చించాలి? అయినా వాటిని దాటేయకండి, పుస్తకంలో బుర్రకు పనిపెట్టే ప్రశ్నలు ఆ పెట్టెల్లోనే ఉన్నాయి. జవాబు కలవనప్పుడు వెంటనే వెనక్కి తిప్పి దానికి తగ్గట్టు మెట్లు దిద్దుకునే అలవాటు ఉంటే మానుకోండి. సమీకరణమైతే మీకొచ్చిన విలువ పెట్టి చూడండి. రెండు వైపులా సరిపోతే మీదే కరెక్టు, వెనక ఏమున్నా సరే. కారణాంకాలైతే మళ్ళీ గుణించి చూడండి.

బుక్ స్టాల్లో ఈ పుస్తకం అడిగితే నల్లగొండైనా మహబూబ్‌నగరైనా ముందు చేతిలో పెట్టేది గైడు. "అన్నా, ఇందులో అన్నీ చేసే ఉంటయి" అంటారు. అదే దాని తంటా. చేసి ఉన్న లెక్క చదివితే వచ్చినట్టే ఉంటుంది, తెల్ల కాగితం ముందు కూర్చుంటే మొదటి గీత పడదు. గైడు కొన్నా తప్పు లేదు, వాడే పద్ధతి ఒకటుంది: ఒక లెక్క మీద పావుగంట కూర్చుని రాకపోతే తెరవండి, ఒక్క మెట్టు చూసి మూసేయండి. ఖాన్ అకాడమీ వెబ్‌సైట్‌లో అదే అధ్యాయం అభ్యాసాలు ఉచితంగా దొరుకుతాయి, రాకపోతే మెట్టుమెట్టుగా సూచన అడగొచ్చు. సాధనలు లేని లోటు అక్కడ కొంత తీరుతుంది. ఇంగ్లిషు అడ్డమొస్తే ద్విభాషా పుస్తకం పక్కన పెట్టుకోండి. గీతలు, వక్రాల కోసం జియోజీబ్రా, ఇదీ ఉచితమే, ఎక్కించుకున్నాక నెట్ లేకపోయినా నడుస్తుంది. ఎనిమిదికి దానితో పెద్దగా పని లేదు, తొమ్మిదిలో రెండు చరరాశుల సమీకరణాలు గీసేటప్పుడు తెరవండి. యూట్యూబ్ షార్ట్‌కట్ వీడియోలు మాత్రం ఈ రెండు నెలలు పక్కన పెట్టండి, అవి లెక్క వచ్చినవాళ్ళకు వేగం పెంచేవి.

క్యాలిక్యులేటర్ ఈ పుస్తకానికి వద్దు. పదో తరగతి త్రికోణమితికి కొంటే మామూలు సైంటిఫిక్ చాలు, కొన్న రోజే సైన్ 30 కొట్టి చూడండి. 0.5 రావాలి. −0.988 వస్తే అది రేడియన్‌లో ఉంది, 0.454 వస్తే గ్రేడియన్‌లో. మోడ్ మార్చి డిగ్రీ పెట్టుకోండి, తెర పైన చిన్న అక్షరం చూసే అలవాటు చేసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాటితోనే ఈ తిప్పలు ఎక్కువ.

సమయం: రోజుకు గంట చొప్పున ఎనిమిది అధ్యాయాలకు రెండు నెలలు. అందులో మూడు వారాలు పదకొండు, పన్నెండు అధ్యాయాలకే పోనివ్వండి. లెక్కలకు గీతల్లేని లాంగ్ నోట్‌బుక్ ఒకటి, తప్పులకు సన్నది ఇంకొకటి. రెండోదాంట్లో తప్పు మెట్టు ఉన్నదున్నట్టు రాసి పక్కన ఎందుకు తప్పో ఒక వాక్యం. పది రోజులకోసారి చదివితే మీ తప్పులు యాభై కాదు, నాలుగైదే అని, అవే తిరిగి తిరిగి వస్తున్నాయని కనబడుతుంది.

ఆ తర్వాత తొమ్మిదిలో 2, 5, 6, 7 అధ్యాయాలు, చివరి అధ్యాయం 'గణితంలో నిరూపణలు'. ఈ చివరిది ఎవరూ చదవరు. ఇంటర్ 1ఏలో గణితానుగమనం (ఇండక్షన్) ఎందుకుందో అర్థం కావాలంటే ఇదే దారి. పదిలో 14 అధ్యాయాలు. సంవర్గమానాలు, వర్గ సమీకరణాలు, శ్రేఢులు, నిరూపక రేఖాగణితం, త్రికోణమితి ముందు. ఐసెట్‌వాళ్ళకు 200 ప్రశ్నల్లో 75 గణిత సామర్థ్యానివి, వాటిలో ఎక్కువ భాగం ఇక్కడికే తీరుతుంది. సమితులు, సాంఖ్యక శాస్త్రం కలుపుకోండి. తెలుగు అకాడమీ 1ఏ, 1బీ అప్పుడు తెరవండి. 1బీలో సరళరేఖ నుంచి మొదలుపెడితే పదో తరగతి చేయి ఇంకా వేడిగా ఉంటుంది.

ఎవరికి వద్దు? నెలలో పరీక్ష ఉన్నవాళ్ళకు వద్దు, వాళ్ళు పాత ప్రశ్నపత్రాలు చేసుకోవడం మేలు. బీటెక్ లెక్కలు రెండేళ్ళ కిందటే చేసినవాళ్ళకు పన్నెండో అధ్యాయం ఒక్కటి చాలు.

కొనేటప్పుడు ఒక మాట. 'ఉచిత పంపిణీ' అని అడుగున అచ్చయిన ప్రతి బడిపిల్లలది, దానికి డబ్బులివ్వకండి. ఇంట్లో తమ్ముడిదో చెల్లెదో పై తరగతికి వెళ్ళాక మిగిలిన పుస్తకముంటే అదే అడగండి. హైదరాబాద్ వెళ్తే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు దొరుకుతాయి. పాతది తీసుకుంటే డబ్బులిచ్చేముందు వెనక జవాబుల పేజీలు ఉన్నాయో లేదో చూడండి. ముందుగా చిరిగి ఊడిపోయేవి అవే.